తిరుపతి నుంచి ఒక్క రోజులో చెన్నై మ్యూజియంలు: ఏవి చూడాలి, ఏవి వదలాలి?

కపిలతీర్థం:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. బొమ్మలు గీయడమంటే దానికి ప్రాణం. పుస్తకాల్లోనూ ఫోన్‌లోనూ చూసిన శిల్పాలను ఎదురుగా నిలబడి చూడాలని చాలా కాలంగా అడుగుతోంది. మనకు దగ్గరలో పెద్ద సంగ్రహాలున్న నగరం చెన్నైయే గనుక, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరేలా ప్రయాణం పెట్టుకుందామనుకుంటున్నాం. ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియం, సెయింట్ జార్జి కోట మ్యూజియం, చోళమండలం చిత్రకారుల గ్రామం, ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్ర, ఈ నాలుగూ రాసి పెట్టుకున్నాను. నాకు శుక్రవారం సెలవు దొరుకుతుంది. డెబ్బై దాటిన మా అత్తగారు కూడా వస్తామంటున్నారు. ఆమె నడవగలరు గానీ నెమ్మదిగా నడుస్తారు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది వదిలేయాలో తెలిసినవారు చెప్పగలరా?

రేణిగుంట జంక్షన్:
అమ్మా, ముందుగా ఆ శుక్రవారాన్ని మార్చుకోండి. ఎగ్మోరు మ్యూజియానికీ కోట మ్యూజియానికీ రెండింటికీ వారపు సెలవు శుక్రవారమే. దక్షిణచిత్రకు మంగళవారం సెలవు. మన ఊళ్లలో చాలామంది ఈ సంగతి తెలియక, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లి, మూసిన గేటు చూసి మెరీనాకు పోయి వస్తుంటారు. శనివారం గానీ బుధ, గురువారాల్లో గానీ పెట్టుకోండి.

వెళ్లడానికి రైలే మేలు. గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఉదయాన్నే తిరుపతిలో బయలుదేరి పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా చెన్నై సెంట్రల్ చేరుతుంది. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మోరు. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డులోని మ్యూజియానికి ఆటోలో కాసేపట్లో చేరుకోవచ్చు. ఆంధ్రా నుంచి వెళ్లే బస్సులు 2018 నుంచి ఊరికి ఉత్తరాన ఉన్న మాధవరం బస్టాండులో ఆగుతున్నాయి. అక్కడి నుంచి ఎగ్మోరు వచ్చేసరికి పొద్దుటి పూట ట్రాఫిక్‌లో మంచి సమయమంతా పోతుంది.

మీరు రాసుకున్న నాలుగూ ఒక్క రోజులో కావు. దక్షిణచిత్ర, చోళమండలం రెండూ ఊరికి దక్షిణాన మహాబలిపురం వెళ్లే సముద్రతీరపు రోడ్డులో ఉన్నాయి. ఎగ్మోరు నుంచి అటు పోయి రావాలంటే సగం రోజు వాహనంలోనే గడుస్తుంది. అత్తగారిని తీసుకెళ్తున్నారు గనుక ఎగ్మోరు ఒక్కటీ చాలునని నా అభిప్రాయం.

మైనపు అచ్చు:
నేను తిరుపతిలోనే శిల్పవిద్య నేర్చుకొని లోహ విగ్రహాలు పోత పోసే పనిలో ఉన్నవాణ్ణి. జంక్షన్ గారి మాటే నా మాట కూడా. అయితే ఎగ్మోరు మ్యూజియం ఒక్కటే అన్నా అదీ చిన్నది కాదు. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో నాణేలు, ఆయుధాలు, రాళ్లు, జంతువుల అస్థిపంజరాలతో సహా ఎన్నో విభాగాలు విడివిడి భవనాల్లో ఉన్నాయి. అన్నింటినీ చుట్టి వచ్చినవారికి సాయంత్రానికి కాళ్ల నొప్పులు తప్ప ఏదీ గుర్తుండదు. మీ అమ్మాయికి కావలసింది శిల్పం గనుక పంచలోహ విగ్రహాల గ్యాలరీ, అమరావతి శిల్పాల గ్యాలరీ, ఈ రెండింటికే రోజంతా ఇవ్వండి.

పంచలోహాల గ్యాలరీని తిరుపతి వాళ్లు ప్రత్యేకంగా చూడాలని ఎందుకంటున్నానో చెబుతాను. మనం పుట్టినప్పటి నుంచి ఉత్సవమూర్తులను చూస్తూనే ఉన్నాం. బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లోనూ, తిరుచానూరు పంచమి తీర్థంలోనూ, గోవిందరాజస్వామి తెప్పోత్సవంలోనూ చూస్తాం. కానీ ఎప్పుడు చూసినా పట్టువస్త్రాలు, ఆభరణాలు, పూలమాలల మధ్యే చూస్తాం. ముఖమూ చేతులూ పాదాలూ తప్ప శిల్పి మైనంలో మలిచిన భుజం వంపు, నడుము, వీపు మన కంటపడవు. ఆ పని మొత్తాన్ని కళ్లారా చూసే అవకాశం అక్కడ దొరుకుతుంది.

అక్కడ మూడు చోట్ల తీరిగ్గా నిలబడమని చెప్పండి. ఒకటి తిరువాలంగాడు నటరాజు. పదకొండో శతాబ్దపు చోళ శిల్పాల్లో దీన్ని మించినది లేదని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. చుట్టూ ఉండే జ్వాలల ప్రభావళి లేదు, ఎగిరే జటలు లేవు. అందువల్ల ఒంటి కాలి మీద మొత్తం బరువును ఎలా నిలిపాడో ఏ అడ్డూ లేకుండా కనిపిస్తుంది. రెండోది తిరువెంగాడు అర్ధనారీశ్వరుడు. కుడివైపు శివుడికి రెండు చేతులు, ఎడమవైపు అమ్మవారికి ఒక్కటే చెయ్యి. లెక్కకు సరిపోని ఆ మూడు చేతులతో విగ్రహం ఏ పక్కకూ ఒరిగినట్టు అనిపించకపోవడంలోనే పనితనమంతా ఉంది. తుంటి దగ్గర నుంచి కిందికి చూస్తే, ఒక పక్క వస్త్రం తొడ మీదే ఆగుతుంది, రెండో పక్క చీలమండ దాకా దిగుతుంది. మూడోది వడక్కుపనైయూరు రామ, లక్ష్మణ, సీతా, హనుమంతుల విగ్రహాలు. రాముడి ఎడమ చెయ్యి పైకి లేచి ఉంటుంది గానీ చేతిలో విల్లు ఉండదు. విల్లు లేకపోయినా దాని బరువు ఆ వేళ్లలో తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా పీఠాలు చూడమనండి. ఊరేగింపులో వాహనానికి బిగించడానికీ, మోసే కొయ్యలకు కట్టడానికీ పీఠానికి చిల్లులో కొక్కేలో ఉంటాయి. అవి కనిపించగానే ఇది గర్భగుడిలో నిలిచిన మూలమూర్తి కాదనీ, వీధిలోకి వచ్చి జనాన్ని చూసిన దేవుడనీ అర్థమవుతుంది.

కపిలతీర్థం:
సార్, మీ సమాధానాన్ని అత్తగారికి చదివి వినిపించాను. ఆమెకు ఒక బాధ కలిగింది. ధూపదీపాలు అందుకోవలసిన ఉత్సవమూర్తులను వస్త్రం కూడా లేకుండా అద్దాల వెనక నిలబెట్టి, టిక్కెట్టు కొని చూడడం తప్పు కాదా అని అడుగుతున్నారు. అక్కడ దండం పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా అని కూడా అడిగారు. ఆమె రాననుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమెతో కలిసి చూస్తేనే మా అమ్మాయికి ఆ దేవతల కథలు తెలుస్తాయి.

మైనపు అచ్చు:
అమ్మగారి బాధ నాకు కొత్త కాదు. మా పనిలో ఉన్నవాళ్లం కళ్లు తెరిచే సంస్కారం జరిగే దాకా దాన్ని విగ్రహమనే అంటాం, ప్రతిష్ఠ జరిగాకే మూర్తి అంటాం. మ్యూజియంలోని వాటిలో చాలా విగ్రహాలు గుడిలోంచి తీసుకొచ్చినవి కావు. ఎప్పుడో ప్రమాద కాలంలో గుడివాళ్లే భూమిలో దాచి ఉంచగా, దాచినవాళ్లతోపాటే ఆ చోటు కూడా మరుగునపడి, వందల ఏళ్ల తర్వాత పొలం దున్నుతున్నప్పుడో పునాదులు తవ్వుతున్నప్పుడో బయటపడినవి. అలా దొరికిన నిక్షేపాలను ప్రభుత్వానికి అప్పగించాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఆ దారిలోనే అవి మ్యూజియానికి చేరాయి. లేకపోతే వాటిలో కొన్ని కరిగిపోయేవి, కొన్ని దేశం దాటిపోయేవి.

దండం పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. చెప్పులు విడిచి నిలబడి కళ్లు మూసుకునేవాళ్లను అక్కడ నేనే చూశాను. పూలూ కర్పూరమూ మాత్రం తీసుకెళ్లకూడదు. అద్దాన్ని తాకకూడదు.

చిత్తూరు చరిత్ర:
నేను పాఠశాలలో చరిత్ర చెబుతాను. పై సమాధానాలన్నీ బాగున్నాయి గానీ, తెలుగువాళ్లు ఎగ్మోరు వెళ్లి అమరావతి గ్యాలరీకి రెండో స్థానం ఇవ్వడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పొద్దున మనసు తాజాగా ఉన్నప్పుడే ముందుగా అక్కడికి వెళ్లండి.

కృష్ణ ఒడ్డున ధరణికోట పక్కన శాతవాహనుల కాలంలో వైభవంగా వెలిగిన మహాస్తూపం పద్దెనిమిదో శతాబ్దం చివరికి మట్టిదిబ్బగా మిగిలింది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిని రాజధాని చేసుకుని ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డాయి. వాటిని గట్టు పనులకూ కట్టడాలకూ వాడుకోవడం మొదలైంది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లి ఆ రాళ్ల మీద బొమ్మలున్నాయని గుర్తించాడు. 1816లో మళ్లీ వెళ్లి వాటి నమూనాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తెప్పించిన ఫలకాల్లో చాలావాటిని 1859లో ఓడలో లండన్‌కు పంపించారు. అవి ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత 1877లో సీవెల్, 1881లో బర్జెస్ జరిపిన తవ్వకాల్లో దొరికినవాటిలో పెద్ద భాగం మద్రాసుకు చేరింది. పాత గుంటూరు జిల్లా నేలలో పుట్టిన శిల్పాన్ని చూడడానికి లండన్ దాకా పోనక్కరలేకుండా, మనకు పొద్దుటి రైలు దూరంలో ఉండడానికి ఇదీ చరిత్ర.

ఇప్పుడు మీ అమ్మాయి చూడవలసిన ఒక్క ఫలకం సంగతి చెబుతాను. నలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ చెక్కిన గుండ్రటి ఫలకమది. రెండో శతాబ్దపు పని. ఎడమవైపు ఏనుగు రెచ్చిపోయి వీధిలో పడి తొండంతో మనిషిని ఈడుస్తుంటుంది, కాళ్ల కింద మనుషులు నలుగుతుంటారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. పైన మేడల కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. భయపడి పక్కవాళ్లను పట్టుకున్న స్త్రీలు కూడా అందులో కనిపిస్తారు. రెండు క్షణాలను విడదీసే గీత ఎక్కడా లేదు. ఎడమ నుంచి కుడికి మన చూపు కదిలేలోపు ఏనుగు కోపం చల్లారిపోతుంది. ఒక చిన్న గుండ్రంలో అంత కథ, అంతమంది జనం, అయినా ఇరుకు అనిపించదు. పల్నాటి సున్నపురాయి లేత రంగులో, మెత్తగా ఉంటుంది. మనం తిరుపతి చుట్టుపక్కల గుళ్లలో చూసే నల్లటి గట్టి రాయిలో అంత సన్నని పని చాలా కష్టం. రాయి ఎలాంటిదైతే శిల్పం అలాంటిదవుతుందని పిల్లలకు నేను ఈ ఫలకం ఫొటో చూపించే చెబుతాను.

ఆ శిల్పాలు తిరిగి అమరావతికి రావాలన్న వాదన నాకు తెలుసు, అందులో న్యాయమూ ఉంది. అమరావతిలోనూ పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, అదీ చూడదగ్గదే. కానీ ఈ వాదన తేలే దాకా చూడకుండా కూర్చుంటే నష్టం మన పిల్లలకే.

రాజమహల్:
చంద్రగిరి వాడిని. అందరూ చెన్నై గురించే మాట్లాడుతున్నారు. నేను చెప్పేది చెన్నై ప్రయాణానికి ముందు ఒక ఆదివారం చేయవలసిన పని గురించి. కపిలతీర్థం గారూ, మీ అమ్మాయిని ముందు గుడిమల్లం తీసుకెళ్లండి. ఏర్పేడు దారిలో పాపానాయుడుపేట దగ్గర ఉన్న ఆ ఊరి పరశురామేశ్వర ఆలయంలో దాదాపు అయిదడుగుల ఎత్తున్న లింగం ఉంది. క్రీస్తుకు ముందు మూడు నుంచి ఒకటో శతాబ్దం మధ్యదని పండితులు చెబుతారు. లింగానికి ముందువైపు శివుడు నిలబడి ఉంటాడు. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి ఉంటాయి. కాళ్ల కింద ఒక మరుగుజ్జు వంగి ఆయన బరువు మోస్తుంటాడు.

ఆ మరుగుజ్జును బాగా గుర్తు పెట్టుకొమ్మనండి. ఎగ్మోరులో నటరాజు ముందు నిలబడినప్పుడు ఆయన కుడిపాదం కింద కూడా ఒకడు కనిపిస్తాడు. అతడు అజ్ఞానానికి రూపమైన అపస్మారుడు. గుడిమల్లంలోని వాడు యక్షుడని అంటారు. ఇద్దరూ ఒకరే కారు. అయినా కాలి కింద ఒక పొట్టి జీవి, పైన నిలబడిన శివుడు అనే ఆ అమరిక వెయ్యేళ్లకు పైగా దక్షిణాది శిల్పుల చేతుల్లో ఎలా మారిందో మన జిల్లా నుంచి బయలుదేరినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక చోట బరువు మోస్తూ ప్రశాంతంగా ఉన్నాడు, ఇంకో చోట అణగదొక్కబడి పెనుగులాడుతున్నాడు.

ఇక మా కోట. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, దానికీ శుక్రవారమే సెలవు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు లేపిన ఆ భవనమే అక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రదర్శన. మద్రాసు నేలను 1639లో ఆంగ్లేయులకు ఇచ్చిన దామర్ల నాయకులు చంద్రగిరి రాయల కింది పాలకులే. ఆ తర్వాత చెన్నైలోని సెయింట్ జార్జి కోట మ్యూజియం చూస్తే ఆ దానం ఎక్కడికి దారితీసిందో తెలుస్తుంది. కానీ అది చరిత్ర, శిల్పం కాదు. ఈ ప్రయాణంలో కోట మ్యూజియాన్ని వదిలేయడమే మంచిది.

చిత్తూరు చరిత్ర:
రాజమహల్ గారి మాటకు ఒక ముక్క కలుపుతాను. తిరువాలంగాడు ఈనాడు తమిళనాడులో ఉంది గానీ, 1911లో ఏర్పడిన మన చిత్తూరు జిల్లాలో తిరుత్తణి తాలూకా ఒక భాగం. 1960లో సరిహద్దులు సవరించినప్పుడే ఆ తాలూకా అటు వెళ్లింది. అందుకే మద్రాసు మ్యూజియం పాత జాబితాల్లో ఈ నటరాజు ఊరి పక్కన చిత్తూరు జిల్లా అనే రాసి ఉంటుంది. మీరు వెళ్లే రైలు అరక్కోణం దాటాక తిరువాలంగాడు స్టేషన్ మీదుగానే పోతుంది. బండి ఆగకపోయినా ఆ బోర్డు చూపించండి.

స్వర్ణముఖి కలంకారి:
అక్కా, మీ అమ్మాయికి నేనొక సలహా ఇస్తాను. నేను కాళహస్తిలో కలంకారి గీస్తాను. మ్యూజియానికి వెళ్లేటప్పుడు కెమెరా కంటే గీతల పుస్తకమూ పెన్సిలూ తీసుకెళ్లమనండి. రంగులు వద్దు, లోపలికి తీసుకెళ్లనివ్వరు, తీసుకెళ్లనిచ్చినా ఆ రోజుకు అవసరం లేదు. ఫొటో తీస్తే ఫోన్‌లోకి పోతుంది. గీస్తే ఆ చెయ్యి ఎటు తిరిగిందో, ఆ మోకాలు ఎందుకు అంత వంగిందో మన చేతికే తెలిసిపోతుంది.

నలగిరి ఏనుగు ఫలకం గురించి చిత్తూరు చరిత్ర మేడమ్ చెప్పినది చదివి ఒక మాట చెప్పాలనిపించింది. మేము కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, బెల్లమూ ఇనుప ముక్కలూ ఊరబెట్టి తయారుచేసిన నల్లరంగుతో ముందు గీతలన్నీ వేస్తాం. రామాయణం గీయాలంటే బట్టను వరుసలుగా, గళ్లుగా విడదీసుకుంటాం. ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. కింద తెలుగులో ఆ కథ రాసే అలవాటు కూడా ఉంది. చూసేవాళ్లు గడి నుంచి గడికి నడుస్తూ కథ చదువుకుంటారు. అమరావతి శిల్పి ఆ గళ్లు లేకుండానే కథ నడిపించాడు. మీ అమ్మాయి అక్కడ కూర్చుని ఆ ఫలకాన్ని గీసేటప్పుడు, ఎడమవైపు ఏనుగుకూ కుడివైపు ఏనుగుకూ మధ్య ఎవరిని నిలబెట్టాడో, వాళ్ల ముఖాలు ఎటు తిరిగి ఉన్నాయో ఒక్కొక్కటిగా రాసుకొమ్మనండి. గీత లేని చోట గీత పని ఎవరు చేస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. ఇది మా పనిలోకి ఎలా తేవాలా అని నేను ఎప్పటి నుంచో ఆలోచిస్తున్నాను.

అక్కడ కూర్చుని గీస్తామని కాపలావాళ్లకు ముందే చెబితే మంచిది. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. దారికి అడ్డం కాకుండా గోడ పక్కన కూర్చోవాలి.

పుత్తూరు నుంచి:
నేను ఎగ్మోరు దగ్గరలోని లలితకళల కళాశాలలో చదువుకున్నాను. 1850లో అలెగ్జాండర్ హంటర్ మొదలుపెట్టిన పాత మద్రాసు ఆర్ట్ స్కూలు అదే. పై వాళ్లందరి మాటతోనూ ఏకీభవిస్తున్నాను గానీ, ఒక విషయంలో నాది వేరే అభిప్రాయం. చిత్రలేఖనం ఇష్టమైన పిల్లకు వెయ్యేళ్ల నాటివి మాత్రమే చూపిస్తే, కళ అంటే పూర్వులు చేసి వెళ్లిపోయినది అనే భావం మనసులో పాతుకుపోతుంది. ఈనాడు బతికి ఉన్నవాళ్లు కూడా చేస్తున్నారని చూపించడం అంతే అవసరం. అందుకు చోళమండలమే సరైన చోటు.

మా కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో చిత్రకారులూ శిల్పులూ కలిసి 1966లో ఇంజంబాక్కం దగ్గర సముద్రతీరంలో సొంతంగా స్థలం కొనుక్కొని ఆ గ్రామం కట్టుకున్నారు. బొమ్మలు అమ్ముడుపోని కాలంలో బాటిక్ బట్టలూ చేతిపనులూ చేసి అమ్ముకొని నిలబడ్డారు. ఉద్యోగం లేకుండా కళతో బతకడం ఎలాగన్నది ప్రతి తల్లీ తండ్రీ అడిగే ప్రశ్న. దానికి కొందరు మనుషులు తమ జీవితాలతో ఇచ్చిన సమాధానం అక్కడ కనిపిస్తుంది.

అయితే దాన్ని ఎగ్మోరుతో కలపవద్దు. ఇంకోసారి పోయినప్పుడు చోళమండలాన్నీ దక్షిణచిత్రనూ కలిపి చూడండి. రెండూ ఒకే రోడ్డులో ఉన్నాయి. 1996లో తెరిచిన దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లూ, ఇక్కత్ నేసే వాళ్ల ఇల్లూ అందులో ఉన్నాయి. అత్తగారికి ఆ రోజు ఇంకా బాగా నచ్చుతుంది.

ఇంకొక్క మాట. ఫ్రెంచి శిల్పి రోదాఁ మద్రాసు నటరాజును ఫొటోల్లో మాత్రమే చూసి, ఆ శరీరపు ప్రతి భాగం గురించీ తన్మయంగా వ్యాసం రాశాడు. అది ఆయన పోయాక 1921లో అచ్చయింది. ఆయనకు ఫొటోలే దిక్కయ్యాయి. మనకు ఆ అసలు విగ్రహం ఉదయం బండెక్కితే చేరేంత దగ్గరలో ఉంది.

కపిలతీర్థం:
అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం మానేసి శనివారం సెలవు పెట్టుకున్నాను. ముందు వచ్చే ఆదివారం గుడిమల్లం వెళ్తాం. అత్తగారు కూడా బయలుదేరుతున్నారు. శివుడు నాట్యమాడిన తిరువాలంగాడు రత్నసభ కథ, శివభక్తురాలైన కారైక్కాల్ అమ్మ కథ రైల్లో మనవరాలికి తానే చెబుతానంటున్నారు. తిరుగు ప్రయాణం ఎలా పెట్టుకోవాలి? మధ్యాహ్నం భోజనం సంగతేమిటి?

రేణిగుంట జంక్షన్:
తిరుగు గరుడాద్రి సెంట్రల్‌లో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో బయలుదేరుతుంది. టైమ్‌టేబుల్ మారుతూ ఉంటుంది గనుక టిక్కెట్టు తీసుకునేటప్పుడు సరిచూసుకోండి. ఆ బండికే రావాలంటే మూడు గంటలకల్లా మ్యూజియం నుంచి బయటపడాలి. మ్యూజియం సాయంత్రం అయిదు దాకా ఉంటుంది. ఇంకా చూడాలనిపిస్తే తొందరపడకుండా ఉండిపోయి, మాధవరం వెళ్లి తిరుపతి బస్సు ఎక్కండి, రాత్రి పొద్దుపోయే దాకా బస్సులుంటాయి. మీరు ముగ్గురూ ఆడవాళ్లే అయితే, అందులో పెద్దావిడ ఉన్నారు గనుక, రైలే మంచిదని నేనంటాను.

భోజనానికి చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకెళ్లండి. గ్యాలరీల్లో తినకూడదు గానీ ఆవరణలో చెట్ల నీడ ఉంది. ఒక గ్యాలరీకీ ఇంకో గ్యాలరీకీ మధ్య అక్కడ కాసేపు కూర్చుంటే పెద్దావిడకు విశ్రాంతి దొరుకుతుంది. మార్చి దాటితే ఆ నడక కూడా ఎండలో కష్టమవుతుంది, కాబట్టి ఎండాకాలం లోపే వెళ్లండి.

కపిలతీర్థం:
మా అమ్మాయి ఒక ప్రశ్న అడగమంది. నటరాజుకు ప్రభావళి లేదని మైనపు అచ్చు సార్ రాశారు కదా, మొదట్లో ఉండేదని ఎలా చెప్పగలం? శిల్పి దాన్ని అసలు చేయనే లేదేమో కదా?

మైనపు అచ్చు:
మంచి ప్రశ్న, అమ్మాయికి నా అభినందనలు. ప్రభావళిని విగ్రహంతో కలిపి ఒకే పోతగా పోయవచ్చు, వేరుగా పోసి తర్వాత బిగించవచ్చు. వేరుగా పోయడమే ఎక్కువ. తేనెమైనంలో గుగ్గిలం కలిపి విగ్రహం చేసి, దాని మీద సన్నటి ఒండ్రుమట్టి పూతలు వేసి ఆరబెట్టి, కాల్చి మైనాన్ని కరిగించి బయటికి పంపి, ఆ ఖాళీలో లోహం పోస్తాం. మట్టి పగలగొడితేనే విగ్రహం బయటికి వస్తుంది గనుక ఒక అచ్చుకు ఒకటే విగ్రహం. చాచిన చేతులు, ఎత్తిన కాలు ఉన్న నటరాజుకు చుట్టూ వలయం కూడా కలిపి పోస్తే లోహం అన్ని మూలలకూ పారడం కష్టమవుతుంది. అందుకే వలయాన్ని విడిగా చేసి, పీఠానికి రెండు వైపులా ఉంచిన గాడుల్లో దాని కాళ్లు దించుతారు.

గ్యాలరీలో ఉన్న నటరాజులన్నింటి పీఠాలనూ రెండు కొసల దగ్గర చూడమనండి. ప్రభావళి ఉన్నవాటిలో అది ఎక్కడ దిగిందో, లేనివాటిలో గాడి గానీ విరిగిన ముక్క గానీ మిగిలిందో పుస్తకంలో పక్కపక్కనే గీసుకొమ్మనండి. విగ్రహం వెనక తల దగ్గరా, చాచిన చేతుల కొసల దగ్గరా కూడా చూడాలి, వలయం తగిలే చోట్లు అవే. తిరువాలంగాడు నటరాజును చివరికి ఉంచుకొని, మిగతావన్నీ గీశాక దాని దగ్గరికి వెళ్లమనండి. అప్పుడు ఆ ప్రశ్నకు జవాబు తానే రాయగలుగుతుంది. ఆ బొమ్మలు ఇక్కడ పెడితే నేను తప్పకుండా చూసి నాకు తెలిసింది చెబుతాను.